సీలు వేసిన గుండీల డబ్బా

వినియోగదారుల ఋణ నియంత్రణాధికారి గారి సముఖమునకు,
రెండో అంతస్తు, ఇనుప బీరువా ఉన్న గది.

అయ్యా,

విషయం: తమ సిబ్బంది నా దుకాణంలో జప్తు చేసిన గుండీల డబ్బాను ఈ నెల ఇరవయ్యో తేదీ లోపల తిరిగి ఇప్పించుట గురించి, ఆ తేదీన నా కుట్టుమిషను పోవుచున్నందున.

సూచిక: తమ కార్యాలయపు తాఖీదు. నంబరు మీద ఎవరో టీ గ్లాసు పెట్టినందున చదువ వీలుకాలేదు. గ్లాసు నాది కాదు. తాఖీదు మరకతోనే వచ్చింది.

పై విషయమై నేను మూడుసార్లు తమ కార్యాలయానికి వచ్చియున్నాను. మూడుసార్లూ కిటికీ దాకా వచ్చి, మాట పెగలక, వెనక్కి తిరిగి పోయియున్నాను. నాకు మనుషుల ముందు నోరు లేవదు. కొలతలు తీసేటప్పుడు కూడా "చెయ్యి ఎత్తండి", "ఊపిరి వదలండి" అనే రెండు మాటలతోనే నలభై ఏళ్ళు నెట్టుకొచ్చాను. నా భార్య "నోటితో కాకపోతే కాగితంతోనైనా అడిగి చావండి" అన్నందున ఈ అర్జీ దాఖలు చేసుకొనుచున్నాను. ఊరి బడిలో ఐదో తరగతి వరకు చదివితిని. తప్పులుంటే నావి.

1. నా వృత్తి, దాని ఆచారము.

నేను దర్జీని. చొక్కాలు, ప్యాంట్లు, పిల్లల గౌన్లు, ఆసుపత్రి వారి యూనిఫారాలు కుట్టుదును. కూలి మొత్తం ఒకేసారి ఇవ్వలేనివారి దగ్గర సగం పుచ్చుకొని బట్ట ఇచ్చి పంపుట నా దుకాణపు ఆచారము. అయితే అటువంటి చొక్కాకు అన్నిటికన్నా కింది గుండీ కుట్టను. గుండీ ఉండవలసిన చోట ఎర్రదారంతో చిన్న ఇంటూ గుర్తు వేసి వదిలేస్తాను. ఆ గుండీని అదే చొక్కా గుడ్డ పేలికలో చుట్టి డబ్బాలో వేస్తాను. మిగతా సగం తెచ్చిన రోజు కూర్చోబెట్టి గుండీ కుట్టేస్తాను. పుస్తకం లేదు, సంతకం లేదు, వడ్డీ లేదు.

కింది గుండీయే ఎందుకంటే అది ప్యాంటు లోపలికి పోతుంది. పరాయివాళ్ళకు కనబడదు. తొడుక్కునేవాడికి మాత్రం రోజూ పొద్దున అక్కడికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోతాయి. ఆ ఆగడం చాలు. బాకీ ఇవ్వమని నేను ఇంతవరకు ఎవరినీ అడిగింది లేదు. అడగడం చేతకాదు కనుకనే ఈ పద్ధతి పెట్టుకున్నాను.

ఇది నేను కనిపెట్టిందీ కాదు. నాకు పని నేర్పిన గురువుగారు ఈ మిషనును నాకు అప్పుగా ఇచ్చి, బాబిన్ కేసు మాత్రం తన దగ్గర ఉంచుకున్నారు. అది లేకపోతే మిషను ఒక్క కుట్టు వేయదు. పొద్దున్నే వాళ్ళింటికి పోయి తెచ్చుకునేవాణ్ణి, సాయంత్రం ఇచ్చి వచ్చేవాణ్ణి. నాలుగేళ్ళు. ఆఖరి రూపాయి ఇచ్చిన రోజు ఆయన బాబిన్ కేసు నా చేతిలో పెట్టి, "ఇంక రేపు రావద్దులే" అన్నారు. నేను మర్నాడు కూడా పోయాను. అలవాటు.

2. జప్తు గురించి.

పోయిన నెల రెండో తేదీన తమ తనిఖీ ఉద్యోగి, ఒక గుమాస్తా, సీలు వేసే మనిషి, వెరసి ముగ్గురు మా దుకాణానికి దయచేసిరి. నా దుకాణం ఆరడుగుల వెడల్పు. ముగ్గురు లోపలికి వస్తే నేను బయటికి పోవలసి వచ్చింది. సంజాయిషీ అంతా గుమ్మంలో నిలబడి ఇచ్చుకున్నాను. ఆ విచారణ ఈ విధముగా జరిగినది.

"ఇవేంటి?"

"గుండీలు."

"అది కనబడుతూనే ఉంది. ఎవరివి?"

"చొక్కాలవి."

"చొక్కాలెక్కడున్నాయి?"

"మనుషుల మీద."

తనిఖీ ఉద్యోగి గారు గుమాస్తా వైపు తిరిగి, "రాసుకో. జనం వస్తువులు తన దగ్గర ఉంచుకుని అప్పులిస్తున్నాడు. తాకట్టు వ్యాపారం. లైసెన్సు లేదు" అన్నారు.

నా భార్య మిషను వెనక మూలనుంచి, "వాళ్ళు తెచ్చి పెట్టిందేమీ లేదు నాయనా. మేమే కుట్టి, మేమే ఒకటి అట్టిపెట్టుకున్నాం" అన్నది.

"అది ఇంకా పెద్ద నేరమమ్మా" అని సెలవిచ్చినారు.

అంత పెద్ద నేరం నలభై ఏళ్ళు నా చేతుల మీదుగా జరుగుతోందని నాకు తెలియకపోవుట నా అజ్ఞానమే.

3. పేలికల గురించి. ఇది నాకు అన్నిటికన్నా కడుపుమంటగా ఉన్నది.

డబ్బాలో ఉన్నవి అరవై ఒక్క పొట్లాలు. పేలికను చూస్తే ఏ గుండీ ఎవరిదో తెలుస్తుంది. నా లెక్కలన్నీ ఆ పేలికలే. తమ గుమాస్తా ఒక్కొక్క పొట్లమూ విప్పి, గుండీలన్నీ ఒక కుప్ప, పేలికలన్నీ ఒక కుప్ప చేసి, గుండీలు లెక్కపెట్టి, పంచనామాలో ఇలా రాసినారు: "గుండీలు అరవై ఒకటి, స్వాధీనము. పనికిమాలిన గుడ్డముక్కలు, పారవేయడమైనది."

పారవేయడం కూడా నా చేతనే చేయించారు. నా చీపురుతోనే.

4. వడ్డీ శాతము.

ఆ పిమ్మట ఒక ఫారం ఇచ్చి నింపమన్నారు. అందులో "సాలుసరి వడ్డీ శాతం" అని ఒక గడి ఉన్నది. నేను "ఒక గుండీ" అని రాసినాను.

గుమాస్తా చూసి, "శాతంలో రాయాలి తాతా" అన్నాడు.

"నాకు రాదు బాబూ."

"చొక్కాకు ఎన్ని గుండీలు?"

"ఏడు."

ఫోనులో లెక్కకట్టి, "ఏడింట ఒకటి అంటే నూటికి పద్నాలుగు చిల్లర. ఫరవాలేదు. చట్టం ఇరవై నాలుగు దాకా ఒప్పుకుంటుంది" అన్నాడు. మంచివాడే. నా తరఫున ఊపిరి పీల్చుకున్నాడు కూడా. తర్వాత "పిల్లల గౌనుకో?" అని అడిగాడు. మూడు అన్నాను. మూడింట ఒకటి అంటే నూటికి ముప్పై మూడు అని తేలింది. చట్టం దాటింది. అందువల్ల తాఖీదులో నా మీద "మైనర్ల నుండి అధిక వడ్డీ" అని రెండో నేరం చేరినది.

పసిపిల్లల వల్ల నాకు చేరినది ఏదైనా ఉంటే అది కొలతలిస్తూ వాళ్ళు నమిలిన నా టేపు చివర. దానికి శాతం కట్టుకోగలరు.

5. గుండీ హక్కుదారుల గతి.

తాఖీదు ప్రకారం విచారణ ముగిసేవరకు నేను ఎవరి దగ్గరా బాకీ పుచ్చుకోరాదు. గుండీ కావలసినవారు స్వయముగా, మిగతా గుండీలు ఉన్న వస్త్రంతో సహా, తమ కార్యాలయానికి వచ్చి హక్కు రుజువు చేసుకోవలెను.

బస్సు డ్రైవరు ఒకాయన నా దగ్గరికి డబ్బు పట్టుకొని వచ్చాడు. పుచ్చుకోకూడదు అన్నాను. డబ్బు పట్టుకొని వచ్చినవాణ్ణి వెనక్కి పంపడం నా జన్మలో అదే మొదలు. ఆయన "ఇదెక్కడి గోల బాబాయ్, నేనే పోయి తెస్తా" అని తమ కార్యాలయానికి వచ్చాడు. అక్కడ జరిగింది ఆయనే నాకు చెప్పాడు.

కిటికీలో మనిషి, "ఈ గుండీ మీదేనని రుజువేంటి?" అన్నారట.

"మిగతా ఆరూ నా ఒంటి మీదున్నాయి కదండీ."

"అలాంటి గుండీలు బజార్లో లక్ష దొరుకుతాయి."

"అయితే బజార్లో కొనుక్కుంటాను, ఇది మీరే ఉంచుకోండి. దర్జీ గారి బాకీ మాత్రం కట్టనివ్వండి."

"అది కుదరదు. చొక్కా ఇక్కడ పెట్టి వెళ్ళండి. పోల్చి చూసి పదిహేను రోజుల్లో కబురు చేస్తాం."

ఆయన రోషం గల మనిషి. అక్కడే విప్పి ఇచ్చేసి వచ్చాడు. ఆ పూట బస్సు బనీనుతో నడిపాడు. దానికి వాళ్ళ డిపోలో మెమో ఇచ్చారు. ఆయన చొక్కా ఇప్పటికీ తమ దగ్గరే ఉన్నది. అనగా నేను ఉంచుకున్నది ఒక గుండీ, తమరు ఉంచుకున్నది మిగతా చొక్కా. తమ లైసెన్సు నంబరు ఏమో నాకు తెలియదు.

6. నా అప్పు గురించి. ఇది దాచను.

నాకు మోకాళ్ళు పోయినవి. తొక్కుడు మిషను తొక్కలేకపోతున్నాను. మిషనుకు మోటారు పెట్టించుకుందామని సామాన్ల షాపుకి పోయాను. తొమ్మిది వేలు అన్నారు. అంత లేదన్నాను. షాపులో కుర్రమేనేజరు నవ్వి, "డబ్బెందుకు తాతా? వేలు ఉందిగా, చాలు" అని, నా ఫోనే నా చేతిలో పెట్టి, "ఇక్కడ నొక్కు, ఇక్కడ నొక్కు, కళ్ళద్దాలు తీసి ఇటు చూడు" అన్నాడు. కళ్ళద్దాలు తీశాక ఏం నొక్కానో నాకు కనబడలేదు. కానీ నొక్కినది నా వేలే. నేను కాదనను. తప్పు నాది.

ఏడు నెలల తర్వాత జిరాక్సు షాపులో ఆ ఒప్పందం అచ్చు తీయించుకున్నాను. ముప్పై ఎనిమిది పేజీలు. భూతద్దం పెట్టుకొని నాలుగు రోజులు చదివాను. ఇరవై రెండో పేజీలో ఉన్నది: వాయిదా తప్పితే కంపెనీవారు "మోటారును, మోటారు అమర్చబడిన యంత్రమును" తీసుకొనిపోవచ్చును. నేను ఏడు గుండీల్లో ఒకటి ఉంచుకున్నాను. వాళ్ళు ఒక గుండీ అప్పిచ్చి చొక్కా అంతా రాయించుకున్నారు. వారికి లైసెన్సు ఉన్నది. చూశాను. మొదటి పేజీలోనే, తమ కార్యాలయపు ముద్రతో.

వారి వడ్డీ నూటికి ఇరవై మూడున్నర. చట్టానికి లోబడే ఉన్నది. మిగతావి వడ్డీ కావట. సేవా రుసుము, పరిశీలన రుసుము, సౌకర్య రుసుము, గుర్తుచేయు రుసుము. గుర్తుచేయు రుసుము అనగా ఫోను చేసి తిట్టినందుకు మనం ఇచ్చునది.

ఏడు వాయిదాలు తప్పకుండా కట్టాను. ఎనిమిదోది తప్పింది. ఎందుకు తప్పిందో తమ బీరువాలో ఉన్నది. ఊళ్ళో నాకు రావలసింది పదకొండు వేలు దాటుతుంది. కంపెనీ అడుగుతున్నది నాలుగు వేల మూడు వందలు. ఇచ్చేవాళ్ళు ఇస్తామంటున్నారు. పుచ్చుకుంటే నేరం, పుచ్చుకోకపోతే మిషను పోతుంది.

వసూలు మనిషి ఫోను చేస్తే నేను మాట్లాడలేక ఊరుకుంటున్నానని, నా ఫోనులో పేర్లున్న వాళ్ళందరికీ చేశాడు. నా ఫోనులో ఉన్నది చుట్టాలు కాదు, కొలతలిచ్చినవాళ్ళు. ఆసుపత్రి నర్సమ్మకు చేసి, "మీ టైలరు అప్పు ఎగ్గొట్టాడు, తెలుసా?" అన్నాడట.

ఆవిడ, "ఎగ్గొట్టింది నేను. ఆయనకు మూడు నెలలుగా బాకీ ఉన్నాను. తిట్టేదేదో నన్ను తిట్టు" అన్నదట.

"మీరెవరు మేడమ్?"

"కింది గుండీ లేనిదాన్ని."

వాడికి అర్థం కాలేదు. పెట్టేశాడు.

నలభై ఏళ్ళలో నాకు ఎవరు బాకీయో పక్కవాడికి తెలియనివ్వలేదు. నేను బాకీ అని ఒక్క మధ్యాహ్నంలో రెండు వందల మందికి తెలిసింది. మర్నాడు దుకాణం తీయడానికి సిగ్గేసింది. నా భార్య తాళం లాక్కుని తనే తీసింది.

7. అవగాహన సభ గురించి.

ఈ నెల ఐదో తేదీన తమ కార్యాలయం వారు "ఋణము - వ్యక్తిగత బాధ్యత" అని సభ పెట్టినారు. తాఖీదు అందినవారు తప్పనిసరిగా రావలెను అన్నందున వచ్చినాను. వంద కుర్చీలు, ముప్పై మంది. గుమ్మంలో ప్రతివారికీ ఒక సంచి, ఒక పెన్ను ఇచ్చినారు. రెంటి మీదా నాకు అప్పిచ్చిన కంపెనీ పేరే. సంచి కుట్టు చూశాను. రెండు కిలోలు వేస్తే పిడి ఊడుతుంది.

మొదట కంపెనీ పెద్దమనిషి లేచి, ఆంక్షలెందుకు, మనిషికి బాధ్యత ఉంటే చాలు అన్నారు. తమ కార్యాలయపు ఇంకొక పెద్దమనిషి లేచి, మనిషిని నమ్మలేం, ఆంక్షలు ఉండాలి అన్నారు. గట్టిగానే వాదించుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒక ప్లేటులో బిస్కెట్లు తిన్నారు.

అప్పుడు తమరు లేచి ఉపన్యసించితిరి. "అప్పు తీసుకోవడం మీ ఇష్టం, తీర్చడం మీ బాధ్యత. ప్రతి వేలి వెనకా ప్రభుత్వం నిలబడలేదు" అని సెలవిచ్చితిరి. చప్పట్లు కొట్టారు. నా వేలి వెనక ఎవరూ నిలబడలేదు, నిజమే. నా డబ్బా వెనక మాత్రం ముగ్గురు నిలబడ్డారు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అని తమరు అడిగితిరి. నేను మూడో వరుసలో ఉన్నాను. చెయ్యి ఎత్తాను. తమరు నన్ను చూసి, "చెప్పండి పెద్దాయనా" అన్నారు. లేచి నిలబడ్డాను. అందరూ నా వైపు తిరిగారు.

"ఏం లేదండీ" అని కూర్చున్నాను.

ఇంటికి వచ్చి చెబితే నా భార్య తల కొట్టుకున్నది. అప్పుడు అడగవలసింది ఇప్పుడు అడుగుచున్నాను. బాధ్యత ఉంటే ఆంక్ష అక్కరలేదని ఒకరు, ఆంక్ష లేకపోతే బాధ్యత రాదని ఒకరు అంటున్నారు. అరవై ఒక్కమందికి రెండూ కలిపి ఒక గుండీలో పెట్టి ఇచ్చాను. దాన్ని పట్టుకుపోయి బీరువాలో పెట్టి, బాధ్యత నేర్చుకోమని నాకు సంచి ఇచ్చారు. ఇది తమకు సబబుగా ఉన్నదా?

8. కోరునది.

నా అప్పు మాఫీ చేయమని అడుగుట లేదు. వాయిదా పెంచమని అడుగుట లేదు. నొక్కిన వేలు నాది, కట్టే చెయ్యి కూడా నాదే. ఆ చేతికి కట్టిన తాడు విప్పండి, చాలు. డబ్బా ఇప్పించండి. పేలికలు పోయినా, ఆలస్యమైనా, గుండీ చూసి చొక్కా గుర్తుపడతాను. బాకీలు పుచ్చుకోనివ్వండి. డ్రైవరు చొక్కా కూడా ఇప్పించండి, ఆయనకు ఉన్నవి రెండే.

అది కుదరనిచో, విచారణ ముగిసేవరకు వసూలు చేయరాదని నాకు పెట్టిన రూలునే ఆ కంపెనీకి కూడా పెట్టండి. కాగితం ఒకటే కదా, పైన పేరు మార్చితే సరిపోతుంది.

ఇరవయ్యో తేదీన వాళ్ళు వ్యాను తీసుకొని వస్తామన్నారు. కావున ఇదంతా ఆ లోపల చిత్తగించవలెను. ఇరవై ఒకటో తేదీన చిత్తగించినా, చిత్తగించకపోయినా నాకు ఒకటే.

గుండుసూదులు ఊడిపోతాయని ఈ కాగితాలను మిషను మీదనే కుట్టి పంపుచున్నాను. దీనికి లైసెన్సు కావలెనేమో తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇరవయ్యో తేదీ వరకు దర్జీ.

తా.క. ఈ ఆఖరి కాగితాన్ని విడిగా మడిచి నాలుగు వైపులా ఎర్రదారంతో చేతికుట్టు వేసినాను. కిటికీలో వాళ్ళు చదవకూడదని. దారం తెంపింది తమరే అయితే చదవండి.

ఆ రోజు సభలో నేను చెయ్యి ఎత్తింది సందేహం అడగడానికి కాదు. తమరు వేసుకున్న నల్లకోటు చూసి ఎత్తాను. జేబు మీది కుట్టు నాది. పందొమ్మిదేళ్ళ కిందట ఒక సన్నపాటి అబ్బాయి, "ఇంటర్వ్యూ ఉంది మావయ్యా, సగమే ఉంది, ఉద్యోగం రాగానే మిగతాది ఇచ్చేస్తా" అంటే రెండు రోజుల్లో కుట్టి ఇచ్చాను. ఉద్యోగం ఈ కార్యాలయంలోనే అని అప్పుడు చెప్పాడు. వచ్చిందో లేదో మళ్ళీ చెప్పలేదు. రాలేదేమో పాపం అనుకున్నాను. ఆ రోజు వేదిక మీద చూసి, వచ్చిందని సంతోషించాను.

కోటు కింది గుండీ చోట ఎర్రదారపు ఇంటూ గుర్తు అలాగే ఉన్నది. రంగు కూడా పోలేదు. మంచి దారం.

అందరూ నా వైపు తిరిగారు కనుక అక్కడ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. అది కుట్టినవాడికీ తొడుక్కున్నవాడికీ మధ్య సంగతి.

ఆ డబ్బాలో ఉన్న అరవై ఒక్క గుండీలలో కోటు గుండీ ఒక్కటే. నల్లది, పెద్దది, నాలుగు కన్నాలది. పోల్చుకోవడం కష్టం కాదు. రూలు ప్రకారం హక్కుదారు స్వయముగా, మిగతా గుండీలు ఉన్న వస్త్రంతో సహా రావలెను. తమరు ఎక్కడికీ పోనక్కరలేదు. బీరువా తమ గదిలోనే ఉన్నది. కోటు తమ ఒంటి మీదే ఉన్నది.

బాకీ ఎంతో నేను రాయను.

గుండీ పట్టుకొని ఇరవై లోపల వచ్చినా సరే, తర్వాత వచ్చినా సరే. గుండీ కుట్టడానికి మిషను అక్కరలేదు. సూది ఉన్నది.